కాగితం కింద గోడ

మా కాకినాడ ఇంట్లో మంచం వెనక గోడకు ఎనిమిదేళ్ల కింద అతికించిన వినైల్ వాల్‌పేపర్‌ను మొన్న దసరాకు ముందు ఒలిచాం. పై మూల గోటితో లేపి లాగితే మొదటి మూడడుగులు పెనం మీంచి దోసె లేచినట్టు హాయిగా వచ్చేసింది. ఆ తర్వాత దోసెతోపాటు పెనమూ రావడం మొదలైంది. కాగితం తిరగేసి చూస్తే వెనక అరచేతులంత లప్పం పెచ్చులు. గోడ మీద ఒకచోట బూడిదరంగు సిమెంటు, ఇంకోచోట ఎప్పటిదో డిస్టెంపరు, మధ్యమధ్య తేనెరంగు జిగురు చారలు, అడుగున నల్లగా బూజు. ఎనిమిదేళ్లు ఆ పూల తీగల కింద ఇదంతా ఉందన్నమాట.

పెయింటర్ వచ్చి రెండు నిమిషాలు చూశాడు. "ఏం లేదండి, మొత్తం రెండు కోట్లు లప్పం పట్టేస్తే అద్దంలా వచ్చేస్తదండి" అన్నాడు. న్యూజెర్సీలో ఉంటున్న మేనకోడలికి ఫోటో పంపితే వెంటనే ఫోన్ చేసింది. "మామయ్యా, ముందు సీలర్ కొట్టకుండా దాని మీద ఏదీ పెట్టనివ్వకు. మా గోడంతా బుడగలు లేచిపోయింది" అంది. ఇంగ్లండులో పాతికేళ్లుగా ఉంటున్న మిత్రుడు మరీ తేలిగ్గా తేల్చాడు: "మళ్లీ కాగితమే అతికించరా, ఈసారి తెల్లది. దాని మీద రంగు వెయ్యి." ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ముగ్గురి గోడలూ వేరు, అంతే.

వాల్‌పేపర్ తీసిన గోడను రంగుకు సిద్ధం చేయడం మీద సలహాలకు ఇవాళ లోటు లేదు. ఫోను తెరిస్తే గంటలకొద్దీ వీడియోలు. ఏ సలహా ఏ గోడ కోసం పుట్టిందో ఆ చిరునామా మాత్రం ఎవరూ చెప్పరు. మన ఇళ్లలో ఈ పని చెడిపోతున్నదంటే సగం కారణం ఇదే అని నా అభిప్రాయం: అమెరికా గోడకు రాసిన మందు కాకినాడ గోడకు వేస్తున్నాం. మిగతా సగం మన పెయింటర్ల అలవాటు. దాని సంగతి తర్వాత.

అమెరికా ఇంటి లోపలి గోడ చాలావరకు చెక్క చట్రానికి బిగించిన జిప్సం పలక. ఆగస్టిన్ సాకెట్ అనే ఆయన 1894లో పేటెంటు పొందిన సాకెట్ బోర్డు దీనికి ముత్తాత. ఆ వ్యాపారాన్ని 1909లో యునైటెడ్ స్టేట్స్ జిప్సం కంపెనీ కొనేసింది. 1917లో షీట్‌రాక్ పేరు వచ్చింది. పైన కాగితం, కింద కాగితం, మధ్యలో జిప్సం, బొబ్బట్టులో పూర్ణంలాగా. ఇల్లు కట్టినవాడు ప్రైమరు కొట్టకుండా వాల్‌పేపర్ అతికించి ఉంటే అది కాగితానికి కాగితం అంటుకున్నట్టే. ఒలిచినప్పుడు పలక పైపొర చిరిగి లోపలి గోధుమరంగు పొర బయటపడుతుంది. ఆ చిరుగుకు నీళ్లు తగిలితే కాగితం ఉబ్బుతుంది. దాని మీద నీళ్లతో కలిపిన ఏ పూత పెట్టినా బుడగలు వస్తాయి. అందుకే అక్కడివాళ్లు చిరుగు అంచులను బ్లేడుతో కోసి, పీచు పోయేలా శాండ్‌పేపరు కొట్టి, లోపలికి ఇంకే సీలర్ పూసి, అప్పుడు మాత్రమే జాయింట్ కాంపౌండ్‌తో పలచటి పూత లాగుతారు. జిప్సం అసోసియేషన్ వెలువరించే జీఏ-214 పత్రం గోడ నునుపును సున్నా నుంచి ఐదు దాకా మెట్లుగా విడగొట్టింది. గోడంతా పలచటి పూత లాగడం ఐదో మెట్టు. మా మేనకోడలి సలహా ఆ గోడకు అక్షరాలా సరైనది. మన సిమెంటు గోడకు చిరగడానికి కాగితమే లేదు.

ఇంగ్లండు పాత ఇళ్లది ఇంకో కథ. సన్నటి చెక్క బద్దల మీద జంతువుల వెంట్రుకలు కలిపిన సున్నం పూత, దాని మీద తరాల తరబడి ఒకదానిపై ఒకటి అతికించిన కాగితాలు. చాలా చోట్ల ఆ కాగితమే పూతను పట్టుకుని ఉంటుంది. లాగితే గోడే ఒళ్లో పడుతుంది. కాబట్టి తెల్లటి లైనింగ్ పేపరు అతికించి దాని మీద రంగు వేయడం వాళ్లకు బద్ధకం కింద లెక్క కాదు, వైద్యమే. కొత్తగా జిప్సం పూత పూయిస్తే మొదటి కోటు నీళ్లు ఎక్కువ కలిపిన ఎమల్షన్ వేస్తారు. పొడి గోడ దాన్ని తాగి పట్టు ఇస్తుంది. అన్నట్టు, పందొమ్మిదో శతాబ్దపు ఆకుపచ్చ వాల్‌పేపర్లలో విషం కూడా ఉండేది. షీలే అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1775లో తయారుచేసిన ఆకుపచ్చలో ఆర్సెనిక్ ఉంది. తడి గోడల మీద అలాంటి రంగులపై పెరిగిన బూజు విషవాయువు వదులుతుందని గోసియో అనే ఇటాలియన్ వైద్యుడు 1890లలో చూపాడు. మన ఇళ్లలో ఆ భయం లేదు కానీ, కాగితం వెనక బూజుకు ఎంత మంచి కాపురం దొరుకుతుందో చెప్పడానికి ఆ కథ చాలు.

ఇక మన గోడ. ఎర్ర ఇటుకో, బూడిద ఇటుకో, తేలికపాటి ఏఏసీ బ్లాకో. దాని మీద సుమారు 12 మిల్లీమీటర్ల సిమెంటు ప్లాస్టరింగ్. దాని మీద లప్పం, ప్రైమరు, డిస్టెంపరో ఎమల్షనో. వాటన్నిటి మీద ఎవరో ఓ రోజు వాల్‌పేపర్. పాత రోజుల్లో పెయింటర్లు సుద్దపొడిలో నూనె కలిపి లప్పం తామే తయారుచేసుకునేవారు. ఇప్పుడది తెల్ల సిమెంటు పుట్టీ పేరుతో 40 కిలోల బస్తాల్లో వస్తుంది. వాల్‌పేపర్ లాగినప్పుడు ఈ పొరల్లో అన్నిటికంటే బలహీనమైన చోట తెగుతుంది. ఎక్కడ తెగిందో చూస్తే గోడ కట్టినవాళ్లు ఎక్కడ కక్కుర్తి పడ్డారో తెలిసిపోతుంది. లప్పం సిమెంటు నుంచి ఊడిందంటే దుమ్ము దులపకుండా, గోడ తడపకుండా లప్పం పట్టారు. డిస్టెంపరు దగ్గర తెగిందంటే చవక డిస్టెంపరు మీదే జిగురు రాశారు. చవక డిస్టెంపరులో చాలాభాగం సుద్దపొడే. వేలితో రుద్దితే వేలికి వచ్చేదాని మీద ఏదీ నిలవదు.

కొత్త అపార్ట్‌మెంట్లలో, ముఖ్యంగా హైదరాబాదు టవర్లలో, సిమెంటు ప్లాస్టరింగ్ బదులు జిప్సం పూస్తున్నారు. గోరుతో గీస్తే తెల్లగా, మెత్తగా గీత పడితే దాన్ని అనుమానించాలి. ఈ గోడను మాత్రం నానబెట్టకూడదు. సిమెంటు గోడ మీద బకెట్లకొద్దీ నీళ్లు కొట్టినా పర్లేదు, ఆరితే సరి. జిప్సం నానితే మెత్తబడి స్క్రాపరుతో పాటే లేచిపోతుంది. గ్రామాల్లో పాత మండువా ఇళ్లలో ఇంకా గానుగ సున్నం గోడలున్నాయి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి పూసినవి. వాటికి వాల్‌పేపర్ అతికించినవాడు, పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వేసినవాడు ఇద్దరూ ఒకే తప్పు చేశారు: ఊపిరి పీల్చే గోడ నోరు మూసేశారు. అక్కడ కాగితం తీశాక వెల్ల వేయడమే సరి, ఇంకే చర్చా అక్కర్లేదు.

చర్చ ఉన్నది మిగతా గోడల మీద. మొదటిది జిగురు సంగతి. కాగితం పోతే చాలు, జిగురు ఎలాగూ రంగు కింద పోతుంది కదా అనేవాళ్లున్నారు. పోదు. వాల్‌పేపర్ జిగురు పిండిదైనా సెల్యులోజ్‌దైనా నీళ్లలో కరిగే రకమే. నీళ్లతో కలిపిన ప్రైమరు తగలగానే అది మళ్లీ లేస్తుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, పైనున్న రంగును లాగి మొసలి చర్మంలా పగలగొడుతుంది. వేసిన నెలకే పగుళ్లు వచ్చిన గోడల్లో చాలావాటికి ఇదే జబ్బు, తిట్లు మాత్రం రంగు కంపెనీకి. జిగురు ఉందో లేదో చూడటానికి చేయి తడిపి రాస్తే చాలు, జారుడుగా తగిలితే ఉన్నట్టే. పిండి జిగురైతే ఇంకా మంచి పరీక్ష మన మందుల డబ్బాలోనే ఉంది. గాయాలకు రాసే అయోడిన్ మందు నీళ్లలో కలిపి ఒక చుక్క అద్దితే పిండి ఉన్నచోట నీలి నలుపు వస్తుంది. సెల్యులోజ్ జిగురుకు మాత్రం ఈ రంగు రాదు, కాబట్టి రంగు రాలేదని ధీమా పడకూడదు.

కడగడానికి ఏది వాడాలన్న దాని మీద యుద్ధాలే జరుగుతున్నాయి. వెనిగర్ అంటారు, బట్టల కండిషనర్ అంటారు, ఎంజైములంటారు. నా తీర్పు: గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు, స్పాంజి, ఓపిక. జిగురును కరిగించేది నీళ్లే, మిగతావి ఆ నీళ్లను గోడలోకి ఇంకడానికి సాయం చేస్తాయి. వెనిగర్ ఆమ్లం, మన లప్పంలో సున్నపురాయి పొడి ఉంటుంది, రెండిటికీ పడదు. వినైల్ పైపొర నీళ్లను లోపలికి పోనివ్వదు కాబట్టి ముందు దాన్ని పొడిగానే ఒలిచేసి, కింద మిగిలిన కాగితాన్ని తడిపి పదిహేను నిమిషాలు నాననివ్వాలి. ఆవిరి యంత్రం దొరికితే పని తొందరగా అవుతుంది, కానీ జిప్సం గోడ దగ్గరికి దాన్ని తీసుకుపోవద్దు. నీళ్లు రెండు మూడుసార్లు మార్చాలి. అదే మురికి బకెట్‌తో కడిగితే జిగురు గోడంతా పలచగా పూసినట్టే అవుతుంది. స్విచ్ బోర్డుల దగ్గర నీళ్లు కొట్టేముందు మెయిన్ ఆపడం మర్చిపోవద్దు.

రెండోది, అసలు ఒలవకుండా కాగితం మీదే రంగు వేయవచ్చా అన్నది. ఇంగ్లండు మిత్రుడి మాట ఇక్కడే పుట్టింది. మన వాతావరణంలో వినైల్ మీద రంగు వేయడం రెండు ప్లాస్టిక్ పొరల మధ్య చెమ్మను బంధించడమే. వద్దు. ఒలవకపోవడానికి ఉండాల్సిన కారణం ఒక్కటే: ఒలిస్తే పూత కూలుతుందని. అలాంటి గోడ కోస్తాలో నాకు కనబడలేదు.

మూడోదే అసలు సమస్య. నీళ్లు. మన ఊళ్లలో వాల్‌పేపర్ చాలాసార్లు అందం కోసం రాదు, నెమ్ము మరక కప్పడానికి వస్తుంది. మాకు కూడా అలాగే వచ్చింది. ఆ గోడ వెనక స్నానాల గది ఉందని, అడుగున రంగు పెచ్చులుగా లేస్తోందని, దానికి వాల్‌పేపర్ అయితే తడి తెలియదని అప్పటి ఇంటీరియర్ పనివాళ్లు చెప్పారు. తెలియని మాట నిజమే, ఎనిమిదేళ్లు తెలియలేదు. గోడ ఎండిందో లేదో తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. అడుగున్నర పొడవు, అంతే వెడల్పు ఉన్న ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో గోడకు బిగించి ఒక రాత్రి వదిలేయాలి. కాంక్రీటుకు అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎం డీ 4263 చెప్పే పద్ధతి ఇదే, అందులో కనీసం 16 గంటలు అని ఉంటుంది. తీసి చూస్తే లోపలివైపు నీటి బొట్లుంటే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు. పైవైపు మాత్రమే చెమరిస్తే గదిలో గాలి తేమ. మొదటిదానికి ప్లంబరు కావాలి, రెండోదానికి కిటికీ తెరిస్తే చాలు. పెయింటరు ఈ రెండిటికీ మందు కాడు.

లోపలివైపు నుంచి వాటర్‌ప్రూఫ్ పూత పూస్తే సరిపోతుందని అమ్మేవాళ్లు గట్టిగా చెబుతారు. నీళ్లు వచ్చే దారి మూయకుండా పోయే దారి మూస్తే అవి పక్కకు, పైకి ఎక్కుతాయి. రెండేళ్ల తర్వాత అదే మరక రెండడుగులు పైన తేలుతుంది. ముందు పైపు జాయింటు, టైల్స్ మధ్య సందులు, నేల వాలు సరిచేయాలి. తర్వాత గోడను ఖాళీగా వదిలేయాలి. ఇటుక గోడ అంగుళం మందానికి సుమారు నెల పడుతుందని ఒక పాత మోటు లెక్క. కాకినాడ గాలిలో, ఈశాన్య రుతుపవనాల రోజుల్లో అంతకంటే తొందరగా ఆరుతుందని ఆశ పెట్టుకోవడానికి కారణమేమీ లేదు. తడి ఆరుతూ పైకి వచ్చేటప్పుడు తెల్లటి ఉప్పు పొంగుతుంది. దాన్ని పొడి బ్రష్షుతో దులిపి చేటలోకి ఎత్తి బయట పారేయాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. మళ్లీ పొంగితే మళ్లీ దులపడమే. పొంగడం ఆగాకే లప్పం మాట ఎత్తాలి. బూజుకు బ్లీచింగ్ నీళ్లు పనిచేస్తాయి, కానీ వాటిలో ఏ ఆమ్లమూ, బాత్‌రూమ్ క్లీనరూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

నాలుగో తగవు పెయింటర్లలోనే ఉంది: ప్రైమరు ముందా, లప్పం ముందా? ఇద్దరు మేస్త్రీలను అడిగితే మూడు జవాబులు వస్తాయి. నిజానికి ఇది లప్పం రకాన్ని బట్టి తేలే విషయం. తెల్ల సిమెంటు పుట్టీ సిమెంటు జాతి. దానికి గట్టిపడటానికి నీళ్లు కావాలి, పట్టుకోవడానికి గరుకైన సిమెంటు గోడ కావాలి. దాన్ని తడిపిన బోసి ప్లాస్టరింగ్ మీద నేరుగా పట్టాలి, ప్రైమరు ఆ తర్వాత. డబ్బాలో పేస్టులా వచ్చే యాక్రిలిక్ పుట్టీ రంగు జాతి. దాన్ని ప్రైమరు మీద పట్టి పైన మళ్లీ ప్రైమరు వేస్తారు. కాగితం ఒలిచిన గోడ మీద ఈ రెండు నేలలూ పక్కపక్కనే ఉంటాయి: లప్పం ఊడినచోట సిమెంటు, ఊడనిచోట పాత రంగు. తెల్ల సిమెంటు పుట్టీని నున్నటి పాత రంగు మీద పట్టిస్తే అది కూడా ఒక రోజు దోసెలా లేస్తుంది. కాబట్టి సిమెంటు కనిపించే పెద్ద గుంటలను మాత్రమే తెల్ల సిమెంటు పుట్టీతో పాత లప్పం మట్టానికి తేవాలి. ఆరాక గోడంతా ప్రైమరు కొట్టాలి. ఎగుడుదిగుడులు మిగిలితే ఆపైన యాక్రిలిక్ పుట్టీ పలచగా. ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు, బస్తా మీదా డబ్బా మీదా అచ్చువేసిన సూచనలను కలిపి చదివితే తేలేది ఇదే. ఎవరూ చదవరు, అంతే.

గట్టిగా ఉన్న పాత రంగు నిజంగా గట్టిదేనా? బ్లేడుతో జల్లెడలా అడ్డం నిలువు గీతలు గీసి, సెలోటేప్ అతికించి ఒక్కసారిగా లాగండి. గళ్లు టేపుతో వస్తే అక్కడిదాకా గీకేయాల్సిందే. నాణెంతో గోడ కొట్టుకుంటూ పోతే బోలు శబ్దం వచ్చినచోట ప్లాస్టరింగే వదిలింది. అది లప్పంతో పోయే పని కాదు, తాపీ మేస్త్రి పని.

ఇప్పుడు లప్పం ఎంత అన్నది. పెయింటర్ అలవాటు అన్నానే, ఇదే అది. లెక్క చదరపు అడుగుకు కాబట్టి గోడంతా పట్టేయడం అతనికి సులువు, లాభం. చూడటానికి అద్దంలానే వస్తుంది. కానీ రెండు కోట్లూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే తెల్ల సిమెంటు పుట్టీ మీద నమ్మకం పెట్టుకోకూడదు. లోతు గుంటలకు ముందు సిమెంటు ఇసుక పూత వేయాలి. వెంట్రుకవాసి పగుళ్లను పైపైన మెత్తితే మళ్లీ కనబడతాయి. బ్లేడు మూలతో వాటిని కాస్త వెడల్పు చేసి, దులిపి, సాగే గుణమున్న క్రాక్ ఫిల్లర్ ఎక్కించాలి. స్తంభం, ఇటుక కలిసే చోట నిలువుగా వచ్చే చీలికకు ఇదీ చాలదు, మెష్ పట్టీ వేయాలి. పాత లప్పం గట్టిగా ఉన్నచోట కొత్తది పట్టాల్సిన అవసరమే లేదు. ఎక్కడ అవసరమో తెలియాలంటే రాత్రి దీపాలార్పి టార్చిలైటు గోడకు ఆనించి పక్కనుంచి వేయండి. పెన్సిలుతో గుర్తులు పెట్టండి. పొద్దున పెయింటర్‌కు ఆ గుర్తులే చూపించండి, మీ మాట కంటే వాటిని ఎక్కువ వింటాడు.

శాండ్‌పేపరు కొట్టేటప్పుడు మామూలుగా ఎవరూ మాస్కు పెట్టుకోరు. లప్పం దుమ్ము చూడటానికి పౌడరులా ఉంటుంది కానీ తెల్ల సిమెంటు క్షారం, కళ్లకూ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. పాత ఇల్లయితే దీని కింద సీసం కలిసిన ఎనామిల్ కూడా ఉండవచ్చు. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లోనే నిషేధించారు. మన దేశంలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకుముందు రంగు వేసిన తలుపు చట్రాలు, డాడో పట్టీలు పొడిగా గీకకుండా తడిపి రుద్దాలి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు. పనివాడికి మంచి మాస్కు ఇంటివాళ్లే కొనివ్వాలి. అతను వద్దన్నా సరే.

మా స్నానాల గదిలో పైపు జాయింటు విప్పితే లోపల కాలువే ఉంది. బాగు చేయించాం. గోడ మీద ఊడే లప్పమంతా గీకేసి, జిగురు మూడుసార్లు కడిగి వదిలేశాం. దీపావళికి రంగు అయిపోవాలని పెయింటర్ తొందరపెట్టాడు, చుట్టాలు వచ్చి "ఇదేంటండీ గోడ ఇలా ఉంది" అని అడిగి వెళ్లారు. నిన్న రాత్రి ప్లాస్టిక్ షీట్లు మళ్లీ బిగించాం. పైన బిగించిన రెండిటి కింద పొడిగా ఉంది. స్కర్టింగ్ పక్కన బిగించినదాని కింద ఇంకా నాలుగు బొట్లున్నాయి. పెయింటర్‌ను సంక్రాంతి తర్వాత రమ్మన్నాం.